కావలిలో చిన్న సైన్స్ సెంటర్: 25 ఎగ్జిబిట్ల కొటేషన్ వచ్చింది, ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

కావలి ట్రంకురోడ్డు:
అందరికీ నమస్కారం. కావలిలో 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న హాలును సైన్స్ సెంటర్‌గా మార్చాలి. నడిపే బాధ్యత నాది. ముఖ్యంగా 6 నుంచి 10వ తరగతి దాకా చదివే సర్కారు బడి పిల్లల కోసం. సెలవు రోజుల్లో ఊళ్ళోవాళ్ళు కూడా వస్తారు.

సప్లయర్ ఇచ్చిన కొటేషన్‌లో 25 ఎగ్జిబిట్లు ఉన్నాయి. ఎక్కువ భాగం బటన్ నొక్కితే లైట్లు వెలిగే మోడళ్ళు. వాటితోపాటు నాలుగు టచ్ స్క్రీన్లు, ఒక వాన్ డి గ్రాఫ్ జనరేటర్ (గోళం తాకితే జుట్టు లేచే స్థిర విద్యుత్ యంత్రం), ఒక ప్లాస్మా గోళం, అద్దాల పెట్టెలో రాకెట్ నమూనా. డబ్బు అంతా వీటికే అయిపోతుంది.

నేను తెలుసుకోవాలనుకునేవి: ఈ హాలుకు ఎన్ని ఎగ్జిబిట్లు సరిపోతాయి? ఇక్కడి వెల్డింగ్ షాపు, వడ్రంగి, లేత్ వాళ్ళతో చేయించగలిగేవి ఏవి? సముద్రం దగ్గర కాబట్టి ఏవి పాడవుతాయి? కొలతలతో చెబితే పనికొస్తుంది.

గ్యాలరీ పనివాడు:
25 వద్దండీ. హాలు 2400 చదరపు అడుగులు. ఒక ఎగ్జిబిట్ చుట్టూ నలుగురు పిల్లలు నిలబడి, వెనక ఇంకో నలుగురు నడిచిపోవాలంటే దారితో కలిపి 120 నుంచి 150 చదరపు అడుగులు కావాలి. పిల్లలు చెప్పులు, సంచులు పెట్టే చోటు, ప్రదర్శన బల్ల, రిపేరు గది తీసేస్తే 12 నుంచి 14 ఎగ్జిబిట్లు పడతాయి. ఆ 14 రోజూ పనిచేయాలి. 25 పెట్టి 9 మూలన పడి ఉంటే బడి వాళ్ళు రెండోసారి రారు.

కొటేషన్‌లో ఉన్న ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్నతో జల్లెడ పట్టండి: పిల్లవాడు ఇందులో ఏదైనా మార్చగలడా, మారిస్తే ఫలితం మారుతుందా? బటన్ నొక్కితే సౌర కుటుంబం తిరిగే మోడల్‌లో మార్చడానికి ఏమీ లేదు. రెండు నొక్కులు నొక్కి వెళ్ళిపోతారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం మొదలుపెట్టినప్పుడు పట్టుకున్న సూత్రం ఇదే: చూసేవాడు తన చేత్తో ప్రయోగం చెయ్యాలి. వర్క్‌షాపును జనానికి కనబడేలా ఉంచారు, ఎగ్జిబిట్లు ఎలా చేసుకోవాలో పుస్తకాలుగా అచ్చు వేసి ఇతర మ్యూజియాలకు ఇచ్చారు. మీకూ హాలులోనే ఒక మూల గ్రిల్ వెనక రిపేరు బల్ల ఉంటే మంచిది. విరిగిన వస్తువు లోపల ఏముందో పిల్లలు అక్కడే చూస్తారు.

టచ్ స్క్రీన్లు నాలుగూ తీసెయ్యండి. ఆ డబ్బుతో మూడు గట్టి ఎగ్జిబిట్లు వస్తాయి. ఫోన్‌లో చూడగలిగేదాని కోసం పిల్లలను బస్సెక్కించనక్కర్లేదు.

మొదట చేయించాల్సినది లోలకాల అల. 12 గుండ్లు వరసగా వేలాడతాయి. ఒకేసారి వదిలితే పాములా మెలికలు తిరిగి, విడిపోయి, సరిగ్గా 60 సెకన్లకు మళ్ళీ ఒక వరసలోకి వస్తాయి. 60 సెకన్లలో మొదటి గుండు 40 ఊపులు, రెండోది 41, అలా 12వది 51 ఊపులు ఊగేలా పొడవులు కట్టాలి. మన అక్షాంశంలో గురుత్వ త్వరణం 9.783 తీసుకుంటే పొడవులు సెంటీమీటర్లలో వరసగా ఇవి: 55.8, 53.1, 50.6, 48.2, 46.1, 44.1, 42.2, 40.4, 38.7, 37.2, 35.7, 34.3. ఇది పై దూలం కింది అంచు నుంచి గుండు మధ్య దాకా నిలువు దూరం, దారం పొడవు కాదు. ప్రతి గుండునూ రెండు దారాలతో వి ఆకారంలో కట్టాలి. లేకపోతే పక్కలకు ఊగి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

చెడేది దారం దగ్గరే. మామూలు నైలాన్ తంగూసు సాగుతుంది. 3 మిల్లీమీటర్లు సాగినా 60 సెకన్ల చివర ఆ గుండు వరసలోంచి బయటికి కనిపిస్తుంది. చేపల గాలాలకు వాడే అల్లిక దారం తీసుకుని, గుండు కట్టి రెండు రోజులు వేలాడదీశాక అప్పుడు కొలతలు సరిచేయండి. సర్దడానికి పైన గిటార్‌కు ఉండే మరల్లాంటివి, లేదా రెండు వాషర్ల మధ్య బిగించే బోల్టు పెట్టించండి. గుండ్లు లేత్ మీద తిప్పించిన 25 మి.మీ. ఇత్తడివి చాలు. ఒకేసారి వదలడానికి బిజాగిరీ చెక్క ఒకటి కావాలి, చేత్తో వదిలితే రాదు.

ఒంగోలు ఫ్యాబ్రికేషన్:
పైన చెప్పిన దానికి సామాన్ల సంగతి కలుపుతున్నాను. కావలి నుంచి సముద్రం పది కిలోమీటర్ల లోపే. ఉప్పు గాలి తగిలే చోట మామూలు ఇనుప ఫ్రేముకు రెడ్ ఆక్సైడ్ ఒక్క పూత వేస్తే రెండో వానాకాలానికి వెల్డింగ్ అతుకుల దగ్గర పొర లేస్తుంది. వెల్డింగ్ మసి గ్రైండర్‌తో శుభ్రంగా తీసి, జింక్ ప్రైమర్ వేసి, దాని మీద పౌడర్ కోటింగ్ చేయించండి. పైపు ఫ్రేముల చివరలు మూసెయ్యాలి, లోపలి నుంచి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ 304 కూడా తీరంలో టీ మరకల్లాంటి గోధుమ చారలు పడుతుంది. అది పాడవడం కాదు, నెలకోసారి మంచినీళ్ళతో తుడుస్తూ ఉంటే తగ్గుతుంది. బల్లలకు ఐఎస్ 710 గుర్తు ఉన్న (నీళ్ళకు తట్టుకునే మెరైన్ రకం) 19 మి.మీ. ప్లైవుడ్, నాలుగు అంచులకూ బ్యాండింగ్. అంచు తెరిచి ఉంటే తేమ అక్కడినుంచే దూరుతుంది. అద్దాల వెనక వెండి పూత అంచుల్లో నల్లబడుతుంది కాబట్టి సిలికాన్‌తో అంచు మూసి బిగించండి.

బల్ల ఎత్తు 70 సెం.మీ. ఉంచి, కింద మోకాళ్ళకు ఖాళీ వదలండి. 6వ తరగతి పిల్లలకూ అందుతుంది, చక్రాల కుర్చీ కూడా లోపలికి వస్తుంది. అలమరలా మూసేసిన బల్లలు వద్దు.

కరెంటు: పిల్లల చెయ్యి తగిలే ప్రతిదీ 12 లేదా 24 వోల్ట్ల డీసీలోనే ఉండాలి. 230 వోల్ట్లు గోడ మీది తాళం వేసిన పెట్టె దాటి రాకూడదు. వరసకు ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ రాగానే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టండి. మొత్తం హాలుకు ఒకటే పెడితే ఒక్క లీకేజీకి అంతా ఆరిపోయి, ఎక్కడుందో వెతుక్కోవాలి.

పెడల్ సైకిల్ తప్పకుండా పెట్టండి. సైకిల్ డైనమోతో మాత్రం వద్దు. అది 6 వోల్ట్లు, 3 వాట్లే. బల్బు వెలిగినా ఆరినా కాలికి తేడా తెలియదు, అసలు విషయమే పోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల పాత 24 వోల్ట్ల, 250 వాట్ల బ్రష్ మోటారు తీసుకోండి. స్టాండు మీద నిలబెట్టిన 26 అంగుళాల సైకిల్ వెనక టైరుకు, మోటారు ఇరుసు మీద 50 మి.మీ. రోలరు ఆనించండి. లోడుగా లారీ ఇండికేటర్ బల్బులు, 24 వోల్ట్లు 21 వాట్లవి మూడు, ఒక్కోదానికి ఒక్కో గట్టి స్విచ్. నాలుగో స్విచ్‌కు 24 వోల్ట్ల ఎల్‌ఈడీ. తొక్కుతూ ఉండగా ఒక్కో బల్బు వేస్తుంటే పెడల్ ఎలా బరువెక్కుతుందో కాలికి తెలుస్తుంది. ఎల్‌ఈడీ వేస్తే దాదాపు బరువే తెలియదు. ఇక్కడ లేబుల్ మీద సూత్రం రాయకండి, ‘ఏ బల్బుకు కాళ్ళు నొప్పెట్టాయి? ఎందుకు?’ అని రాయండి చాలు.

ఇందులో విరిగేవి మూడు. పందెం వేసుకుని తొక్కితే వోల్టేజీ 30 దాటి బల్బులు మాడతాయి, 28 దగ్గర తెగే రిలే పెట్టండి. రోలరు బిగుతు ఎక్కువైతే టైరు అరుగుతుంది, స్ప్రింగుతో ఆనించాలి. అన్నిటికన్నా ముఖ్యం చైనుకు, చక్రం పుల్లలకు రెండువైపులా పూర్తి కవరు. వేళ్ళు దూరే సందు ఎక్కడా ఉండకూడదు. సైకిల్ హ్యాండిల్ తిరగకుండా వెల్డ్ చేయించండి.

ఒక డిష్ దగ్గర గుసగుసలాడితే దూరంగా ఎదురుగా ఉన్న డిష్ దగ్గర వినబడేవి గుసగుస డిష్‌లు. వాటికి పాత కేబుల్ ఆపరేటర్ల దగ్గర 8 అడుగుల సీ బ్యాండ్ డిష్‌లు దొరుకుతాయి. కానీ ఎక్కువగా జల్లెడ డిష్‌లు, వాటిలోంచి శబ్దం దాటిపోతుంది. లోపలివైపు ఫైబర్ మ్యాట్, రెసిన్ రెండు పొరలు వేసి నున్నగా చేయిస్తే సరిపోతుంది. శబ్దం ఒకచోట చేరే బిందువు వెతకడానికి: అంచు నుంచి అంచుకు దారం లాగి మధ్యలో లోతు కొలవండి. వ్యాసాన్ని దానితోనే గుణించి, 16 రెట్ల లోతుతో భాగించండి. వ్యాసం 240, లోతు 40 సెం.మీ. అయితే 90 సెం.మీ. వస్తుంది. ఆ దూరంలో 20 సెం.మీ. ఇనుప రింగు బిగించి, నోరూ చెవీ అక్కడ పెట్టమని చెప్పండి. డిష్ మధ్య నేల నుంచి 120 సెం.మీ. ఎత్తులో ఉంటే పిల్లల తలకు సరిపోతుంది. రేకుల కప్పు హాలులో గోల ఎక్కువ, కాబట్టి వీటిని ఆవరణలో 20 మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలపండి. పునాది కాంక్రీటులో వెయ్యండి, తుపాను గాలికి 8 అడుగుల డిష్ తెరచాపలా లాగుతుంది.

వాన్ డి గ్రాఫ్ కొనద్దు. మన తీరం తేమకు ఛార్జి నిలవదు. పడమటి గాలి తోలే ఎండాకాలపు రోజుల్లో జుట్టు లేస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏమీ జరగదు.

కాకిబంగారం:
మీ ఊరికి చుట్టుపక్కల దొరికే రాయితోనే రాష్ట్రంలో ఇంకెక్కడా లేని ఎగ్జిబిట్ చెయ్యొచ్చు. సైదాపురం, గూడూరు మైకా. మనవాళ్ళు కాకిబంగారం అంటారు. పిల్లలు దాన్ని చూసే ఉంటారు, దాని లోపలి రంగులు మాత్రం చూసి ఉండరు.

కింద ఎల్‌ఈడీ ప్యానెల్, దాని మీద ఏ4 సైజు పోలరాయిడ్ ఫిల్ము (ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలేది), 30 సెం.మీ. ఎత్తులో తిప్పగలిగే చట్రంలో రెండో పోలరాయిడ్. రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటే చీకటి. మధ్యలో పలచటి మైకా రేకు జారిస్తే ఊదా, నీలం, పసుపు రంగులు లేస్తాయి. పై పోలరాయిడ్‌ను 90 డిగ్రీలు తిప్పితే ప్రతి రంగూ దాని పూరక రంగుగా మారుతుంది. మైకాలో అడ్డంగా ఒక దిశలో కంపించే కాంతి ఒక వేగంతో, దానికి లంబంగా కంపించేది ఇంకో వేగంతో పోతుంది. ఆ తేడా మందాన్ని బట్టి ఒక్కో రంగును చంపుతుంది. అందుకే మందం కీలకం: దాదాపు 0.1 నుంచి 0.3 మి.మీ. మందం ఉన్న రేకులు బాగా రంగులిస్తాయి. అర మిల్లీమీటరు ముక్క పెడితే తెల్లగా పాలిపోతుంది, పిల్లవాడు నిరాశపడతాడు. సూదితో అంచు లేపి పొరలు ఒలవండి. మెట్లు మెట్లుగా, మందం మారుతూ ఉన్న రేకు అన్నిటికన్నా బాగుంటుంది.

రేకును రెండు పలచటి గాజు పలకల మధ్య పెట్టి అంచులు మూయండి. యాక్రిలిక్ వాడకండి, దానిలో ఉండే ఒత్తిడి సొంతంగా రంగులు చూపించి విషయాన్ని కలిపేస్తుంది. సెలోటేపు కూడా అంతే. అయితే పక్కనే ఒక పారదర్శక స్కేలు, టేపు ముక్కలు విడిగా ఉంచితే పిల్లలు వాటిని కూడా పెట్టి చూస్తారు. ఈ ఎగ్జిబిట్‌కు మార్చగలిగేవి మూడు వస్తాయి: మందం, కోణం, వస్తువు. పిల్లలు కదలరు.

చీమకుర్తి పాలిషింగ్ యూనిట్ల దగ్గర గెలాక్సీ గ్రానైట్ తుంటలు పడి ఉంటాయి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. టార్చి కదిలే చేతికి పెట్టండి, ఒక కోణంలో మెరిసిన చుక్క ఇంకో కోణంలో ఆరిపోతుంది, అంటే అది రంగు కాదు, అద్దంలా పనిచేసే ముఖం. పక్కన మార్కాపురం పలక, పొరలు విడిపోయే అంచు కనబడేలా. 5 సెం.మీ. ఘనాలుగా గ్రానైట్, పలక రాయి, టేకు కోయించి తూకం, నీళ్ళ తొట్టి పెడితే సాంద్రతకు వేరే మోడల్ అక్కర్లేదు. చెక్క పజిళ్ళు కావాలంటే ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ళను అడగండి, వాళ్ళ పనితనానికి చక్కటి నునుపు వస్తుంది.

ఆవరణలో నీడ మాయమయ్యే రోజు కూడా జరపండి. కావలిలో ఏప్రిల్ 30, మే 1 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 12 దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. బళ్ళు తెరిచి ఉండేది ఆగస్టులోనే. 12 గంటలకు కాదు, దాదాపు 12:15కు. మన ఊరు భారత ప్రామాణిక రేఖాంశానికి పడమట ఉంది కాబట్టి పది నిమిషాలు, భూమి కక్ష్య వల్ల ఆ వారంలో మరో అయిదు. మట్టం చూసిన పలక మీద 15 సెం.మీ. పీవీసీ గొట్టం ముక్క నిలబెడితే చాలు. మబ్బు పడితే ముందు రోజైనా తర్వాత రోజైనా తేడా మిల్లీమీటరు లోపే.

కావలి ట్రంకురోడ్డు:
చాలా సంతోషం. టచ్ స్క్రీన్లు, వాన్ డి గ్రాఫ్ తీసేస్తున్నాం, మైకా మొదటి వరసలో పెడతాం. ఇంకో రెండు సందేహాలు. వివరించేవాళ్ళుగా ఎవరిని పెట్టాలి, బడి వచ్చిన రోజు టైము ఎలా పంచాలి? కనిగిరి, పొదిలి వైపు నుంచి కూడా బళ్ళు వస్తామంటున్నాయి. పిల్లలు తెచ్చే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ చూపించొచ్చా?

బడి నుంచి గ్యాలరీకి:
వివరించేవాళ్ళ మీదే సెంటర్ నిలబడుతుంది, ఎగ్జిబిట్ల మీద కాదు. ఎక్స్‌ప్లొరేటోరియంలో హైస్కూలు విద్యార్థులు కూడా ఆ పని చేస్తారు. మీరు డిగ్రీ చదివేవాళ్ళను నలుగురిని, ఐటీఐ ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్ ఒకరిని తీసుకోండి. జీతం ఇవ్వండి, ఉచిత సేవ పరీక్షల నెలలో మాయమవుతుంది. శిక్షణలో మొదటి వారం ఒకటే నేర్పండి: సమాధానం చెప్పకుండా ఉండడం. పిల్లవాడు ‘ఇది ఎందుకిలా?’ అంటే ‘దేన్ని మారిస్తే ఇది ఆగుతుందో చూడు’ అనాలి. పాఠం కంఠస్థం చేసి ప్రతి ఎగ్జిబిట్ ముందూ అప్పచెప్పేవాళ్ళు ఉంటే పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. ఎంత మంచి సామాను కొన్నా అక్కడితో దండగే.

ఒక విడతకు 40 మంది, 90 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు సంచులు పెట్టడం, మంచినీళ్ళు, బాత్‌రూమ్. దూరం నుంచి బస్సులో వచ్చిన పిల్లలకు ముందు అవి కావాలి. తర్వాత 45 నిమిషాలు స్వేచ్ఛగా వదలండి, వరసలో నడిపించద్దు. 20 నిమిషాలు బల్ల ముందు ప్రదర్శన. మిగిలిన 15లో పిల్లలు తమకు అర్థం కానిది ఒకటి చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. ఆ చీటీలే మీకు మార్గదర్శి, ఒకే ప్రశ్న పదిసార్లు వస్తే ఆ ఎగ్జిబిట్ లేబులో, అమరికో తప్పు. వారం ముందు ఆ బడి సైన్స్ టీచరును పిలిచి హాలు ఒకసారి తిప్పండి. వాళ్ళు తెలిసి వస్తే పిల్లల్ని తొందరపెట్టరు.

లేబుల్ 40 మాటలు దాటకూడదు, మామూలు తెలుగు, మీటరు దూరం నుంచి చదవగలిగే అక్షరం. తిరిగే కుర్చీ లాంటి ఎగ్జిబిట్ పెడితే ‘కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం’ అని పైన పెద్దగా రాయకండి. ‘చేతులు దగ్గరికి లాక్కుంటే ఏమవుతుంది?’ అని రాసి, పాఠ్యపుస్తకం మాట చిన్నగా కింద పెట్టండి.

ఫ్లోరైడ్ చూపించొచ్చు, చూపించాలి కూడా. కనిగిరి, పొదిలి వైపు పిల్లలకు ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద పడే గోధుమ మచ్చలు పాఠంలోవి కావు. జిర్కోనియం అలిజరిన్ ద్రావణం ఉన్న ఫీల్డ్ కిట్ తీసుకోండి, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ద్రావణంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి చుక్కలు వేసేది గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకున్న వివరించేవాళ్ళే, పిల్లలు రంగు పోల్చి చూస్తారు. మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

మూడు విషయాలు గట్టిగా చెప్పాలి. టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపేది) ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు, తక్కువ అంకె వచ్చినా ఫ్లోరైడ్ ఉండొచ్చు. కాచితే పోదు, నీళ్ళు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది. కిట్ రంగు అంచనా మాత్రమే, నీళ్ళలో సల్ఫేటు, క్లోరిన్ ఎక్కువుంటే తప్పుతుంది. కాబట్టి ‘ఈ నీళ్ళు తాగొచ్చు, తాగకూడదు’ అని మీ హాలులో ఎవరూ తీర్పు చెప్పకూడదు. అనుమానం వచ్చిన నమూనా గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపే పద్ధతి ముందే మాట్లాడిపెట్టుకోండి. లేకపోతే ఒక పిల్ల ఇంటికెళ్ళి చెప్పిన మాటతో ఊరంతా కంగారు పడుతుంది.

గ్యాలరీ పనివాడు:
ఒంగోలు సోదరుడితో ఒక్క చోట తేడా. వాన్ డి గ్రాఫ్ హాలులో ఎగ్జిబిట్‌గా వద్దు, నిజమే. కానీ ఏసీ ఉన్న మూసిన గది ఒకటి ఉంటే ప్రదర్శనకు పనికొస్తుంది. వాడే ముందు గంట సేపు ఏసీ వేసి, బెల్టును, గొట్టాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళను గది బయటే ఉంచాలి. అంత ఓపిక లేకపోతే కొనద్దు.

డబ్బు లెక్క: ఉన్నదంతా మొదటిరోజే ఖర్చుపెట్టకండి. అయిదో వంతు పక్కన పెట్టి, ఏడాది పాటు విడిభాగాలకు, మార్పులకు ఉంచండి. ఒక్కో ఎగ్జిబిట్‌కు ఒక్కో సంచి: పెడల్ సైకిల్‌కు బల్బులు ఆరు, రోలరు ఒకటి, స్విచ్‌లు రెండు, ఫ్యూజులు. లోలకానికి దారం చుట్ట, కొలతల కాగితం. పొద్దున తలుపు తీయకముందు 20 నిమిషాలు అన్నీ ఆడించి చూసి పుస్తకంలో రాయాలి. పాడైనది ఆ రోజే హాలు నుంచి తీసెయ్యండి, ‘పనిచేయదు’ అని బోర్డు తగిలించి ఉంచద్దు. ఖాళీ బల్ల మీద చెక్క పజిళ్ళు పెట్టండి.

పని మొదలెట్టే ముందు తిరుపతి వెళ్ళి, 1993 నుంచి నడుస్తున్న ప్రాంతీయ సైన్స్ సెంటర్‌లో రెండు పూటలు గడపండి. ఎగ్జిబిట్లను కాదు, పిల్లల చేతులు ఎక్కడ పడుతున్నాయో, పెయింట్ ఎక్కడ అరిగిందో చూడండి. అరిగిన చోటే పిల్లలకు ఇష్టమైనది.

రాలేని మండలాలకు వ్యాన్ సంగతి రెండో ఏడాది ఆలోచించండి. కలకత్తా బిర్లా మ్యూజియం 1965లోనే బస్సులో సైన్స్ ప్రదర్శన ఊళ్ళకు తిప్పింది, పద్ధతి కొత్తదేం కాదు. మీ ఎగ్జిబిట్లలో మైకా, గ్రానైట్ ఘనాలు, పజిళ్ళు మొదటి నుంచే 60 సెం.మీ. పెట్టెల్లో ఇమిడేలా చేయిస్తే తర్వాత ఉదయగిరికో కనిగిరికో అవే ఎక్కుతాయి.

ఒంగోలు ఫ్యాబ్రికేషన్:
ఏసీ గది మాట ఒప్పుకుంటాను. లోలకాల ఫ్రేము గురించి ఒకటి మరిచాం: పై దూలం 40 మి.మీ. చదరపు పైపు, 3 మి.మీ. మందం తగ్గకూడదు, కాళ్ళు నేలకు యాంకర్ బోల్టులతో బిగించాలి. ఫ్రేము కాస్త ఊగినా గుండ్లు ఒకదాని ఊపు ఒకటి లాక్కుని వరస చెడుతుంది. కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా 60 సెకన్లకు కలవవు, అప్పుడు దారాన్ని అనుమానించి రోజంతా విప్పి కడుతూ కూర్చుంటారు. ముందు ఫ్రేమును చేత్తో తోసి చూడండి.